హార్మోనియం తిత్తి

మర్నాడు పదకొండు గంటలకు, రిటైరవబోతున్న రైలు డ్రైవరు తాతయ్య ఆఖరిసారి ఇంజనెక్కుతాడు. దాని పక్కన ఒక్క ఫోటో దిగాలని ఆయన కోరిక. రాయపూర్ స్టేషన్ రోడ్డులో ఫోటోలు తీసే సూర్యారావు తన పాత చెక్క కెమెరా తెరిచి అదిరిపడ్డాడు. లెన్సు వెనకాల ఉండే తోలు తిత్తిని ఎలుకలు కొరికేశాయి.

బోగీల వడ్రంగి దానయ్య ఇంటికి పట్టుకెళ్తే, అతను చూసి పెదవి విరిచాడు. "ఇంత పల్చటి తోలు నాగపూర్ నించి రావాల. మూడ్రోజులు పక్కా."

దానయ్య అక్క వరహాలమ్మ లోపలికెళ్లి, తన భజన హార్మోనియం తెచ్చి ముందు పెట్టింది. "దీని తిత్తి కోసీ."

"ఏకాదశి భజనకేటి సేస్తావప్పా?"

"సప్పట్లున్నాయి కదరా! జల్దీ కానీ."

తోలు కాస్త తక్కువైంది. కొత్త తిత్తి పొట్టిదే కుదిరింది. మర్నాడు దగ్గర నుంచి చూస్తే తాతయ్య ముఖం కెమెరా వెనకుండే అద్దం మీద మసకబారింది. దగ్గరి బొమ్మ కుదరాలంటే తిత్తి ఇంకా సాగాలి, అదేమో సాగదు.

సూర్యారావు చెమటలు తుడుచుకుంటూ కెమెరాను వెనక్కి జరిపాడు. ఇరవై అడుగుల దూరంలో బొమ్మ స్పష్టంగా కుదిరింది. ఇప్పుడు అద్దంలో ఇంజనంతా ఉంది, పక్కన బోలెడు చోటూ ఉంది. తిత్తి ఎక్కడిదో, చోటెంత మిగిలిందో సూర్యారావు చెప్పగానే, తాతయ్య చూడ్డానికొచ్చిన వరహాలమ్మ వైపు తిరిగాడు.

"ఆ చోటు ఖాళీగా ఉంచకు బాబూ," అన్నాడు తాతయ్య. "వరహాలమ్మా, ఇలా రా. నీ పెట్టె మూగబోబట్టే నాకీ ఫోటో. నువ్వు నిలబడితేగానీ నేను ఇంజనెక్కను."