పురుటి గదికి మైల

కోట్‌పల్లి దగ్గరి ఆ ఊళ్లో పురుటి గది కట్టడానికి పంచాయతీ సమితి సగం డబ్బిచ్చింది. మిగతా సగం ఊరివాళ్లు రెక్కల కష్టంగా ఇవ్వాలన్నారు. ఊరివాళ్లంటే చివరికి ఊరి అవతలి వాడ ఆడవాళ్లే అయ్యారు. తాండూరు నుంచి బండ్లలో వచ్చిన నాపబండలను భాగమ్మ నెత్తిన పాతగుడ్డ చుట్టుకుని మోసింది.

మోసినన్నాళ్లూ ఆమెకు ఒకటే ఆలోచన. కూతురు సంతోషమ్మ తొలిచూలు పసికందు కిందటి వానాకాలం, కారుతున్న గుడిసెలో తడి నేల మీద పుట్టి, చలికి నీలుక్కుపోయి ప్రాణం విడిచింది. ఈసారి కాన్పు పొడి నేల మీద కావాలి.

గది పూర్తయింది. సున్నం వేశారు, ఇనుప మంచం దించారు, తాళం వేశారు. మంత్రిగారు వచ్చి తెరవాలట.

ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం సంతోషమ్మకు నొప్పులు మొదలయ్యాయి. భాగమ్మ తడుస్తూ పోయి సర్పంచ్ ఎల్లప్ప వాకిట్లో నిలబడింది. అతను అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు.

"తాళంచెయ్యి ఇయ్యి పటేలా. బిడ్డకు నొప్పులొస్తున్నయి. గుడిసంత కారుతున్నది."

"మంత్రిగారు ఇంక రిబ్బను కత్తిరియ్యలే. గంతల్నే మీవోళ్ల కాన్పా? జర తెలివుండొద్దా?"

"మంచం మీద పండబెట్ట. నేలనే చాలు."

"నేల గూడ సర్కారుదే" అంటూ అతను ఇంకాస్త పప్పు తెమ్మని లోపలికి కేకేశాడు.

భాగమ్మ వెనుదిరిగింది. కూతుర్ని మెల్లగా నడిపించుకుంటూ ఆ గది వరండాలోకి చేర్చింది. జల్లు కొట్టకుండా వాడ ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టారు. తల్లి మోసిన బండల మీద, తాళం వేసిన తలుపుకు వీపు ఆనించి, సంతోషమ్మ మగపిల్లవాణ్ణి కన్నది. వాడు గట్టిగా ఏడ్చాక గానీ భాగమ్మ ఊపిరి పీల్చుకోలేదు.

మర్నాడు ఎల్లప్ప కబురంపాడు. వరండా మైలపడింది, వచ్చి కడగమని. భాగమ్మ కడిగింది. తర్వాత అయ్యగారొచ్చి పసుపునీళ్లు చల్లి మంత్రాలు చదివాడు. పురుళ్లు పోయడానికి కట్టిన గదికి పురుటి మైల వదిలించారు. అంతసేపూ ఎల్లప్ప ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

కొన్నాళ్లకు అదే ఎల్లప్ప వాడలోకి వచ్చాడు. చేతిలో కొత్త ఉన్ని టోపీ.

"ఏం భాగమ్మా, మనుమడు మంచిగున్నడా? రేపు మంత్రిగారొస్తున్నరు. మన గదిల పుట్టిన మొదటి పిలగాడని చెప్పినం. మంచం మీద పండబెట్టు, ఫొటువ తీస్తరు."

వంగి, ఆమె ఒళ్లో ఉన్న పిల్లవాడికి తనే టోపీ తొడిగాడు. చెంప నిమిరాడు. ఆ వెంటనే వేళ్లు కండువాకు తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్నట్టు అతనికే తెలియదు.

"వీడు లోపట పుట్టలే పటేలా. బయట పుట్టిండు."

"దాంట్ల ఏం ఫరకున్నది? నీకు గూడ ఓ చీర ఇప్పిస్త."

"తలుపుకు మల్ల తాళమెయ్యి. ఫొటువ దానికి తీయమను."

టోపీని రెండు వేళ్లతో తీసి అతని చెప్పుల ముందు పెట్టింది. కుండలోంచి నీళ్లు ముంచి, కొంగు తడిపి, అతను చూస్తుండగానే పిల్లవాడి చెంప తుడిచింది. ఒకసారి చాలలేదు. మళ్లీ తుడిచింది.