నలభై రెండు పదవులు, ఒక మెంబరు

మదనపల్లె ల్యాబ్ టెక్నీషియన్ల సంఘంలో నలభై ముగ్గురు సభ్యులు. అందులో నలభై ఇద్దరికి పదవులున్నాయి.

అధ్యక్షుడంటే ఒకడుండాలి, సరే. ఉపాధ్యక్షులు తొమ్మిది మంది ఎందుకో అడిగిన పాపాన పోయినవాడు లేడు. కార్యదర్శి, సహాయ కార్యదర్శి, ఆర్గనైజింగ్ కార్యదర్శి, ప్రచార కార్యదర్శి, ఆ ప్రచార కార్యదర్శికి ఇద్దరు సహాయకులు. అప్పటికీ మనుషులు మిగిలిపోతే పేరుకు ముందు 'గౌరవ' అని తగిలించి మరో పదకొండు మందికి గౌరవం పంచిపెట్టారు. ఎవడైనా అలిగి సంఘం వదిలేస్తానంటే చాలు, వచ్చే మీటింగుకల్లా వాడికో కొత్త పదవి పుట్టేది. ఫ్లెక్సీలు వేసే గణేష్ ఒకసారి మొత్తుకున్నాడు కూడా. "ఇంకొక్కరికి పదవిచ్చినారంటే మొగాలు కందిగింజలంత అయిపోతాయి సార్, నా వల్ల కాదు" అన్నాడు.

పదవి లేని ఆ నలభై మూడో మనిషి ఉషారాణి.

నిమ్మనపల్లె దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇంటి పిల్ల. మదనపల్లెలో ఒక చిన్న ల్యాబులో ఆరేళ్లుగా పని చేస్తోంది. చేరిన కొత్తలో మైక్రోస్కోపు ముందు కూర్చునేది. తర్వాత ఓనరు ఒక మెషిను కొన్నాడు. ఇటు రక్తం పెడితే అటు అంకెలు వస్తాయి. ఆ రోజే మైక్రోస్కోపుకు గుడ్డ కప్పి, ఉషారాణిని సూదులు గుచ్చే పనికి పెట్టాడు. "మెషిను సెప్పినాక మనం సూసేదేముండాది?" అన్నది ఆయనగారి వేదాంతం. కష్టపడి నేర్చుకున్న విద్య కళ్ల ముందే తుప్పు పడుతుంటే ఆమెకు కడుపు రగిలిపోయేది. మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చునే ఉద్యోగం కావాలి, అదొక్కటే ఆమె కోరిక.

ఆ కోరికతోనే సంఘంలో చేరింది. అధ్యక్షుడు వరదరాజులు ఆ రోజు పెద్ద మాటే చెప్పాడు.

"సంఘానికి సేవ సెయ్యమ్మా. నలుగురిలో పేరు పడతాది. రేపు యాడన్నా మంచి ఉద్యోగం ఉందంటే ఫస్టు నీ పేరే సెప్తాం."

మూడేళ్లు నమ్మింది. మీటింగు ఉందని నలభై ఇద్దరికీ ఫోన్లు చేసింది. శాలువాలు బేరమాడి తెచ్చింది. హాలు పక్క గదిలో దొంతులుగా పేర్చిన కుర్చీలు మోసుకొచ్చి వేసింది, అందరూ భోంచేసి వెళ్లాక మళ్లీ పేర్చింది. ఆ గది తాళంచెవి మూడేళ్లుగా ఆమె దగ్గరే ఉంది. ఏటా పదవులు పంచేటప్పుడు మాత్రం ఆమె పేరు ఎవరికీ తట్టదు. ఒకసారి నోరు విడిచి అడిగింది కూడా.

"నువ్వు మా ఇంటి బిడ్డవు గదమ్మా, నీకు పదవి యాల?" అన్నాడు వరదరాజులు. ఇంటి బిడ్డ కాబట్టి ఊడ్చే పని కూడా ఆమెదే అయింది.

సంఘం మొత్తంలో ఆమె ఇష్టపడ్డ మనిషి ఒక్కడే, రాజరత్నం. మిషన్ ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఎనిమిదేళ్లు పని చేసి రిటైరైన పెద్దాయన. ఆయన సంఘానికి గౌరవ సలహాదారు. ఇంతవరకూ ఆయన్ను సలహా అడిగినవాడు లేడు.

పుంగనూరులో ఉచిత రక్తపరీక్షల క్యాంపు పెట్టినప్పుడు కూడా ఎవరూ ఆయన్ను ఏమీ అడగలేదు. స్కూలు ఆవరణలో స్టేజీ కట్టారు. పదవులున్నవాళ్లందరూ దాని మీద ఒకరి భుజం ఒకరికి రాసుకునేలా కూర్చున్నారు. కింద ఎండలో రెండు వందల మంది చేతులు చాపుకుని నిలబడ్డారు. వాళ్లకు సూది గుచ్చడానికి ఉన్నది ఉషారాణి ఒక్కతే. స్టేజీ మీద ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటుంటే రాజరత్నం మెల్లగా మెట్లు దిగి వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి ఆమె పక్కన కూర్చున్నాడు.

"మీరు పైన ఉండాల కదా సార్?"

"అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరమ్మా? ఇట్ల జరుగు."

క్యాంపు ముగిశాక, పైన ఉపన్యాసాలు ఇంకా సాగుతుండగానే, ఆయన సంచిలోంచి తన పాత మైక్రోస్కోపు, చెక్కపెట్టెలో దాచుకున్న స్లైడులు తీసేవాడు. ప్రతి క్యాంపులోనూ అదే వరస. స్టేజీ మెట్ల కింద నీడలో కూర్చుని ఆమెకు ఒక్కొక్కటీ చూపించేవాడు.

"అందరూ స్లైడు నడిమధ్య సూసి లేసిపోతారు. నువ్వు కొసకు పో. కతలన్నీ కొసలోనే ఉంటాయి."

ఆరేళ్ల ఉద్యోగంలో రానంత విద్య ఆ మెట్ల కింద వచ్చింది. సంఘం పుణ్యమా అని కాదు, సంఘం స్టేజీ మీద మాటలతో తీరిక లేకుండా ఉంది కాబట్టి.

అంతలో కుప్పం నుంచి కబురు వచ్చింది. అక్కడ కొత్తగా కట్టిన ఆసుపత్రి ల్యాబుకు మైక్రోస్కోపులో చూడగలిగిన టెక్నీషియను కావాలట. ల్యాబు పెద్ద డాక్టర్ షైలజ సంఘానికి లెటరు రాసింది. ఆ లెటరు ముందుగా చదివింది ఉషారాణే, ఎందుకంటే సంఘానికి వచ్చే ఉత్తరాలు విప్పే పని కూడా ఆమెదే. మూడేళ్లకు తన పేరు చెప్పే రోజు వచ్చిందనుకుంది.

వరదరాజులు లెటరు చూసి, "మన లోకేష్ పేరు పంపుదాం" అన్నాడు. లోకేష్ ఆయన బావమరిది, ఆర్గనైజింగ్ కార్యదర్శి.

"సార్, నా పేరు కూడా..."

"గమ్మునుండమ్మా. పదవిలో ఉండేవాళ్లను పంపితేనే సంఘానికి మర్యాద."

ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. అయినా ఆదివారం వ్యాను ఎక్కింది. పదిహేడు మంది పెద్దలు డాక్టరమ్మను సన్మానించి లోకేష్‌ను అప్పగించడానికి బయలుదేరారు. శాలువా, పండ్ల బుట్ట పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. పుంగనూరు మీదుగా కుప్పం దాకా వెనక సీట్లో స్టెప్నీ టైరు పక్కన కూర్చుంది.

డాక్టర్ షైలజ శాలువా కప్పించుకోలేదు. "ముందు లెటరు ఇవ్వండి" అంది. ఇచ్చారు. ఆ లెటరుహెడ్డు సంఘానికి పెద్ద గర్వకారణం. ఎడమపక్క పైనుంచి కింద దాకా నలభై రెండు పేర్లు, నలభై రెండు పదవులు. వాటికే కాగితం చాలక అసలు విషయం కుడిపక్క వేలెడు సందులో ఇరుక్కుని ఉంది. ఆమె ఆ పేర్లన్నీ ఓపిగ్గా చదివింది.

"మీ సంఘంలో పదవి లేనివాళ్లు ఎవరూ లేరా?"

వరదరాజులు నవ్వుతూ ఉషారాణి వైపు గడ్డం ఊపాడు. "ఈయమ్మ ఉండాది మేడమ్. ఉట్టి మెంబరు. పండ్లు పట్టుకోను వచ్చింది."

షైలజ లోకేష్‌ను, ఉషారాణిని ఇద్దరినీ లోపలికి తీసుకెళ్లింది. పెద్దలు తలుపు దగ్గర మూగారు. మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టింది.

"ఈ మనిషికి ప్లేట్‌లెట్లు ముప్పై వేలే ఉన్నాయని మెషిను చెప్పింది. ఇంటివాళ్లు డెంగీ అనుకుని బెంగళూరుకు బండి మాట్లాడుకుంటున్నారు. స్లైడు చూసి మీరేమంటారు?"

లోకేష్ ఒక కన్ను మూసి, రెండో కంటితో నాలుగు క్షణాలు చూశాడు. "మెషిను కరెక్టే మేడమ్. తక్కువే ఉండాయి" అన్నాడు. మెషిను మీద ఆయనకున్న భక్తి చూసి తలుపు దగ్గరివాళ్లు తలలూపారు.

ఉషారాణి బుట్ట కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని కూర్చుంది. ఎన్నాళ్లకు! నడిమధ్య చూసింది. నిజమే, ప్లేట్‌లెట్లు పలచగా ఉన్నాయి. లేవబోయి, ఆగి, మెల్లగా కొసకు జరిపింది. అక్కడున్నాయి, గుత్తులు గుత్తులుగా.

"తగ్గలేదు మేడమ్. ట్యూబులో మందుకు ఒకదానికొకటి అతుక్కుపోయి కొసకు చేరినాయి. మెషిను ఒక్కో గుత్తినీ ఒక్కటిగా కూడా లెక్కపెట్టలేదు. వేరే మందుండే ట్యూబులో రక్తం తీసి మళ్లీ సూడాల. బెంగళూరు బండి నిలపమనండి."

షైలజ ఇంకో రిపోర్టు తీసి ఆమె ముందు పెట్టింది. "వేరే ట్యూబులో నేను చూశాను. లక్షా తొంభై వేలు. ఆ బండి నిన్ననే నిలిపాను" అంది. "ఇది ఎవరు నేర్పారమ్మా?"

"రాజరత్నం సార్. సంఘం క్యాంపుల్లో, స్టేజీ మెట్ల కింద."

"అయితే సంఘం వల్ల లాభమే ఉందన్నమాట."

ఆ ఒక్క ముక్కే వరదరాజులు చెవిన పడింది. పొంగిపోయి మళ్లీ శాలువా విప్పాడు. సిగ్గన్నది కూడా ఒక పదవి అయితే దానికి మాత్రం ఎవరూ పోటీ పడి ఉండరు.

ఉద్యోగం ఉషారాణికి వచ్చింది. కుర్చీల గది తాళంచెవిని హాలు తలుపు పక్క మేకుకు తగిలించి, ఆ సంగతి అందరికీ చెప్పి కుప్పం వెళ్లిపోయింది. వినవలసిన అవసరం ఎవరికీ తోచలేదు.

రెండు నెలలకు మదనపల్లెలో ఫ్లెక్సీ లేచింది. 'మా సంఘం తీర్చిదిద్దిన ఆణిముత్యానికి అభినందన సభ.' చుట్టూ నలభై రెండు కందిగింజలు, మధ్యలో శనగగింజంత ఉషారాణి. రానని చెప్పాలనే అనుకుంది. రాజరత్నం ఫోన్ చేసి, "నేనూ పోతాండానమ్మా, నిన్నొకసారి సూడాలని ఉండాది" అన్నందుకు బస్సెక్కింది.

హాల్లో అడుగు పెట్టేసరికి పెద్దలందరూ గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఒక్క కుర్చీ లేదు. వయసు మీదపడ్డ రాజరత్నం కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. అది చూసి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వరదరాజులు చేతులు చాపుకుని ఎదురొచ్చాడు.

"వచ్చినావా తల్లీ! గంట నుంచి నీకోసమే సూస్తాండాం. నిన్ను జాయింటు సెక్రటరీని సెయ్యాలని తీర్మానం గూడా రాసినాం. ఇంగ నువ్వా కుర్చీలు ఏసేస్తే సభ మొదలుపెట్టేద్దాం."

అభినందన సభ ఆమెది. కుర్చీలు వెయ్యాల్సిందీ ఆమే. ఉషారాణికి నవ్వొచ్చింది.

తాళంచెవి తను తగిలించిన మేకుకే ఉంది, బూజు పట్టి. గది తెరిచి రెండు కుర్చీలు తెచ్చింది. ఒకటి దులిపి రాజరత్నానికి వేసి, చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. రెండోది ఆయన పక్కన వేసుకుని తను కూర్చుంది.

"మెంబరుగానే ఉంటాను సార్, తీర్మానం కొట్టేయండి" అంది. "మిగతా కుర్చీలు లోపలుండాయి. తలా ఒకటి తెచ్చుకోండి."

ఆ పని ఏ పదవి కిందికి వస్తుందో తేలక మిగిలిన నలభై ఒక్కరూ అక్కడే నిలబడిపోయారు.