ఆదివారమే బయల్దేరిన సంచి

మా ముందు గదిలో అద్దెకు దిగిన మలేషియా అమ్మాయి యోగిత దగ్గర మూడు తాళాలుండేవి. ఒకటి వీపు సంచికి. రెండోది ఆ సంచిని మంచం కోడుకు కట్టే గొలుసుకు. మూడోది ఊరికే, అవసరానికి. ఎనిమిది నెలలు ఆ సంచి మోసుకుని మన దేశమంతా తిరిగి, చివరి వారానికి బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటికి చేరింది. మంగళవారం సాయంత్రం విమానం. గురువారం వాళ్ళ ఊళ్ళో కొత్త ఉద్యోగంలో చేరాలి.

వాళ్ళ ముత్తాతలు విశాఖ వైపు నుంచి రబ్బరు తోటల పనికి పోయినవాళ్ళట. అందుకని పిల్లకు తెలుగు వచ్చు. మాట మాత్రం పాత పెట్టెలోంచి తీసి దుమ్ము దులిపినట్టుండేది.

అనుమానం ఒక్కటే కొత్తది, ఇక్కడ నేర్చుకున్నది. దారిలో ఒకచోట ఫోన్ పోయింది. ఇంకోచోట చెప్పులు పోయాయి. మరోచోట ‘చెల్లీ’ అని పిలిచినవాడే కెమెరా పట్టుకుపోయాడు. దాంతో ఎవరు నవ్వినా వాళ్ళ చేతుల వంక చూడడం అలవాటైంది. మా ఇంట్లో చాయ్ ఇస్తే, నేను ఒక గుక్క తాగేదాకా తన గ్లాసు ముట్టేది కాదు. నేనూ కావాలని గుక్క తాగి, కళ్ళు తేలేసి, కుర్చీలో వాలిపోయేవాణ్ణి.

“నాటకాలు బంజెయ్యి. పిల్ల పరేషాన్ అయితది” అనేది నా భార్య శారదమ్మ.

అలాంటి పిల్ల ఇంట్లో ఉంటే నా నోరు ఊరుకుంటుందా? శనివారం సాయంత్రం అరుగు మీద కూర్చుని తాళాల సంగతి తీశాను.

“బిడ్డా, నీ తాళాలు మంచియే గని, నాకు తాళంచెవితోని పని లేదు. ఒక్క వెంట్రుక సాలు.”

“వెంట్రుకతో తాళం తీస్తారా, తాతా?”

“మా ముత్తాత దొర గడి తాళం గట్లనే తీసిండు. ఏనుగు తలకాయంత తాళం. లోపట దొర పండుకున్నడు. సలి పెడుతుందని దొరకు దుప్పటి కప్పి, మళ్ల తాళమేసి వచ్చిండు. ఆ విద్య మా ఇంట్ల మొగోళ్లకు పుట్టుకతోనే వస్తది.”

“ఏమీ ఎత్తుకు రాలేదా?”

“దొరకు పడుతున్న కల ఎత్కొచ్చిండు. తెల్లారి ఎంత తలకాయ గోక్కున్నా దొరకు యాదికి రాలే.”

యోగిత నవ్వలేదు. నా తల మీద మిగిలిన వెంట్రుకలను కాసేపు చూసి, గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఆదివారం పొద్దున శారదమ్మ ఏ.ఎస్. రావు నగర్‌లో ఉన్న చెల్లెలింటికి, కార్తీక వనభోజనాలకు బయల్దేరింది. నేను గేటు దగ్గర పాలాయనకు ఒకప్పుడు మా మెట్ల బావిలో దొరికిన చేప గురించి చెబుతున్నాను. దాని తల బావి మెట్ల మీద, తోక హుస్సేన్‌సాగర్‌లో. సరిగ్గా తోక దగ్గరికి వచ్చేసరికి శారదమ్మ నా పక్కన ఆగి ఏదో చెప్పింది. తల ఊపాను. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

కాసేపటికి యోగిత తడి తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి నా ఎదుట నిలబడింది.

“తాతా, ఆట చాలు. నా నడుం సంచి ఇవ్వండి.”

నడుం సంచి అంటే చొక్కా లోపల కట్టుకునే గుడ్డ సంచి. పాస్‌పోర్ట్ ఉండేది అందులోనే. స్నానానికి పోతూ దాన్ని దిండు కింద పెట్టి, గదికి మేమిచ్చిన తాళం వేసి, తాళంచెవి వెంట పట్టుకుపోయింది. వచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది. దిండు కింద సంచి లేదు.

“నేను తియ్యలే బిడ్డా. నాకు తాళం తియ్యనే రాదు. నిన్న చెప్పింది ఉత్త కథ.”

“నిన్న నిజం చెప్పారు. కథ ఇవాళ చెబుతున్నారు.”

డెబ్బై రెండేళ్ళలో నా మాట నమ్మిన మొదటి మనిషి. ఆ నమ్మిందీ నమ్మకూడని మాట.

“కొత్త పాస్‌పోర్ట్ కావాలంటే చెన్నైలో మా కాన్సులేట్‌కు వెళ్ళాలి. ఈలోపు విమానం వెళ్ళిపోతుంది. గురువారం నేను చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తారు, తాతా.” నా వేళాకోళం అక్కడితో చల్లారింది. “నిన్న అమ్మమ్మ కూడా అడిగింది. మీ ఊరు ఏ దిక్కు, ఏ రోజు బయల్దేరతావు, ఎప్పుడూ ఒంటిమీదే ఉండే వస్తువు ఏది అని. అన్నీ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.”

అది విని నాకే శారదమ్మ మీద అనుమానం పుట్టింది. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె నన్ను ఒక్క దిక్కూ అడిగి ఎరగదు. ఫోన్ చేశాను. వంటింట్లో కందిపప్పు డబ్బా పక్కన మోగింది. చెల్లెలి నంబరు ఆ ఫోన్‌లోనే ఉంది. అది తెరుచుకోవాలంటే అద్దం మీద ఏదో గీత గియ్యాలి. వెంట్రుకతో అయ్యే పని కాదు.

అప్పుడే మేడ మీద అద్దెకుండే తిరుమల్ మెట్లు దిగుతూ మమ్మల్ని చూసి వెనక్కి తిరిగాడు. చంకలో మూతి కట్టిన నల్ల సంచి.

“ఏందీ తిరుమల్, ఎటు?”

“ఎటు లేదు కాకా. గిట్లనే.”

“సంచిల ఏముంది?”

“ఇడిసిన బట్టలు.”

“బట్టలకు పిల్లులు ఎంబడి పడుతున్నయా?”

నిజంగానే వాడి వెనక రెండు పిల్లులున్నాయి. యోగిత మూతి విప్పింది. లోపల చేప ముళ్ళు, పొలుసు. కార్తీకం పోయేదాకా ఇంట్లో నీచు వండొద్దని శారదమ్మ హుకుం.

“చిన్నమ్మకు చెప్పకు కాకా. నీ కాల్మొక్త.”

“అందుకేనా దినాం గన్ని ఊదుబత్తీలు ముట్టిస్తున్నవ్? నీకు భక్తి ముదిరిందనుకున్న.”

యోగిత మాత్రం ఆ ముళ్ళను కూడా పుల్లతో అడుగుదాకా కెలికి చూసింది.

“అమ్మమ్మ వచ్చేదాకా, లేదా ఐదు గంటల దాకా చూస్తాను. తరువాత పోలీసుల దగ్గరికి వెళ్తాను. మీ పేరే చెప్పాలి, తాతా. క్షమించండి.”

అని మూడో తాళం తెచ్చి మా గేటుకు వేసి, పక్కనే కుర్చీలో కూర్చుంది. ఆ తాళం ఎందుకో అప్పుడు తెలిసింది. అన్నం పెడితే వద్దంది. నేనూ తినలేదు. ఆ పగలంతా నేను ఒక్క కథా చెప్పకపోయేసరికి, పడమటి గోడ అవతలి వాళ్ళు నాకు జ్వరమేమోనని అడిగారు.

ఐదుకు పది నిమిషాలుందనగా శారదమ్మ ఆటో దిగి గేటు ఊపింది.

“ఇదేందీ, నా ఇంట్లకు నన్ను రానియ్యరా?”

“అమ్మమ్మా, నా సంచి ఏది?”

“పక్కింటి రోసమ్మ దగ్గర ఉంది. తాత చెప్పలేదా?”

ఇద్దరూ నా వైపు తిరిగారు.

“‘పిల్ల ప్రస్థానం పెట్టిన, తానం జేసి రాంగనే చెప్పు’ అని పొద్దుగాల చెప్పి పోతి గదా. తలకాయ ఊపినవ్.”

“నేను చేప తోక కాడ ఉన్న” అన్నాను.

మంగళవారం, పైగా అమావాస్య. ఆ రోజు దూరప్రయాణం కట్టకూడదని శారదమ్మ పట్టుదల. విమానాన్ని ఆపడం తన చేతిలో లేదు కనుక ప్రయాణాన్నే ముందుకు జరిపింది. మంచి గడియలో ప్రయాణికుల ఒంటిమీది వస్తువొకటి తీసి, వాళ్ళు పోయే దిక్కున ఇంకొకరి ఇంట్లో పెడితే ప్రయాణం ఆ గడియకే మొదలైనట్టు. వెళ్ళే రోజు దారిలో దాన్ని అందుకుని సాగిపోవడమే. దాన్నే ప్రస్థానం అంటారు. లోకమంతా కండువానో రవికె గుడ్డో పెడుతుంది. మా ఆవిడ పాస్‌పోర్ట్ పెట్టింది. గది రెండో తాళంచెవి ఆమె కొంగునే ఉంటుంది.

“గడియ దాటిపోతుండె. నువ్వు తానంల ఉంటివి” అంది యోగితతో, తప్పంతా నీళ్ళదైనట్టు.

తూర్పు పక్కింటి రోసమ్మ కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన టీచరు. “చర్చికి బయల్దేరుతుంటే చేతిలో పెట్టిందండీ. ఏవిటో నేను అడగలేదు” అంటూ బీరువా తెరిచింది. బైబిల్ పక్కన నడుం సంచి.

యోగిత పాస్‌పోర్ట్ తీసి ఒక్కో పేజీ తిప్పింది. ఫోటో పేజీని వెలుతురులో పెట్టి చూసింది. అన్నీ ఉన్నాయి. ఊపిరి వదిలి, సంచి నడుముకు కట్టుకోబోయింది.

“కట్టకు బిడ్డా. ఇప్పుడు మా ఇంట్లకు తెస్తే పెట్టింది పాడైతది. మంగళవారం దాకా ఈడనే ఉండాలె” అంది శారదమ్మ.

“నా బీరువాకి తాళం లేదమ్మాయ్. ముందే చెబుతున్నాను” అంది రోసమ్మ.

యోగిత మా అందరి చేతుల వంక వరసగా చూసింది. శారదమ్మ చేతులకు పసుపు. రోసమ్మ చేతిలో కళ్ళజోడు. నా చేతులు నేనే వెనక్కి పెట్టుకున్నాను. చివరికి సంచిని మళ్ళీ బైబిల్ పక్కన పెట్టింది. మా గేటు తాళం తెచ్చి బీరువా పిడులకు వేసింది. తాళంచెవి నా వైపు చాపింది. నేను చెయ్యి పట్టేలోపు వెనక్కి తీసుకుంది.

“మీకు తాళంచెవితో పని లేదు కదా, తాతా.”

అని శారదమ్మ చేతిలో పెట్టింది. ఆ పిల్ల నవ్వడం మొదటిసారి చూశాను.

మంగళవారం మధ్యాహ్నం వీపు సంచి ఆటోలో పెట్టుకుని రోసమ్మ గుమ్మం ముందు ఆగింది. శారదమ్మ తాళం తీసి నడుం సంచి అందిస్తే, మూత తెరవకుండానే కట్టుకుంది. మాకు దణ్ణం పెట్టి, శారదమ్మ చెప్పినట్టు వెనక్కి చూడకుండా ఆటో ఎక్కింది.

“చూసినవా, ఎంత నమ్మకమో” అంది శారదమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

మేం ముగ్గురం కళ్ళప్పగించి చూస్తుంటే తెరవలేదు, నిజమే. ఆటో మలుపు తిరగ్గానే తెరిచి, ఒక్కో పేజీ తిప్పి చూసుకుని ఉంటుందని నా అనుమానం.