చాప తట్టని చెయ్యి

కరాటేలో పిడికిలి బిగించాలన్నారని, బట్టలు కుట్టే ఆవిడ నలభై రెండో ఏట జూడోలో చేరింది. జూడోలో ఎదుటివాళ్ల బట్ట పట్టుకుని పడేయడమేనట; గుడ్డ పట్టుకోవడం తనకేం కొత్త కాదుగా! ఎందుకు నేర్చుకుంటున్నావని అడిగిన వాళ్లకల్లా గొలుసు దొంగల భయమని చెప్పింది.

నాలుగోరోజు టీచరమ్మ ఆమెను వెల్లకిలా పడుకోబెట్టింది.

"మెడ పట్టుకుంటానక్కా. ఊపిరాడకపోతే చాపను రెండుసార్లు తట్టు, వెంటనే వదిలేస్తాను."

టీచరమ్మ మోచెయ్యి బిగిసింది. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. చెవుల్లో కుట్టుమిషను హోరు, కళ్ల ముందు చీకట్లు. పక్కనే చాప, ఖాళీగా చెయ్యి. అయినా ఆ చెయ్యి కదలదేం! పంటి బిగువున భరిస్తోంది.

టీచరమ్మే హడలిపోయి వదిలేసింది. "చచ్చిపోయేదానివక్కా! తట్టవేం?"

ఆమె మెడ తడుముకుంది.

"తడితే ఇంకా బిగిస్తారేమో అనుకున్నా మేడం. మా ఆయన అంతే."