ఒంటిచేత్తో తెరిచే ఫోను

మా ఇంటికి పదేళ్లుగా చేపలు తెచ్చే వరహాలమ్మ ఆ రోజు ఖాళీ గంపతో వచ్చింది.

“తడిసెయ్యి ఎడితే ఈ టచ్ ఫోను కదల్దమ్మా. పొద్దున్న బోటొచ్చిందని తాతబాబు మూడుసార్లు సేసినాడు. నాను ఐసు సర్దతన్నాను. ఎత్తీలోగా సేపల ఏలంపాట అయిపోనాది. రేపు కూడా ఎత్తకపోతే ఇంకో మనిషికి సెప్తానన్నాడు.”

తాతబాబు బోటు డ్రైవరు. బోటు ఏ జెట్టీకి చేరిందో ఆయన చెప్పకపోతే హార్బర్‌లో మంచి వంజరం ఆమె చేతికి రాదు. ఫ్లిప్ ఫోనయితే నయమని నేనే అన్నాను. అన్నందుకు షాపుకీ నేనే తీసుకెళ్లాను.

షాపు కుర్రాడు ఉదయ్‌కుమార్ కౌంటరు మీద మూడు ఫ్లిప్ ఫోన్లు పెట్టాడు. ఎర్రదానికి పైన కూడా చిన్న స్క్రీను ఉంది. మూత మాత్రం బిగువు. నీలందానికి పక్కన మీట, నొక్కితే దానంతటదే తెరుచుకుంటుంది. నల్లది సబ్బుపెట్టెలా ఉంది, అంకెలు పెద్దవి, గంట గట్టిది. నాకు ఎర్రది నచ్చింది. ఎవరు చేశారో మూత తీయకుండానే కనిపిస్తుంది.

“నాకు ఫోను సేసీవోడు తాతబాబొక్కడే. సూసీదేటుందమ్మా!” అంటూ వరహాలమ్మ గంప నెత్తికెత్తుకుని ఎడమచేత్తో పట్టుకుంది. నా సీసాలో నీళ్లతో కుడిచెయ్యి తడుపుకుంది.

“అమ్మో, తడిసెయ్యి ఎట్టకు పిన్నీ! పాడైపోద్ది,” అన్నాడు ఉదయ్‌కుమార్.

“నీళ్లకి బయపడీ ఫోను హార్బర్లో ఏటి సేత్తాదిరా?”

ఎర్రది ఒంటిచేత్తో తెరుచుకోలేదు. నీలంది రొంటిన దోపగానే మీట నొక్కుకుపోయి తెరుచుకుంది. నల్లది బొటనవేలికి లొంగింది. అందులో ఆమె సిమ్ము వేయించి నేను రింగిచ్చాను. ఆమె మూత తీసింది. గంట మోగుతూనే ఉంది.

“పచ్చ బటన్ నొక్కాల,” అన్నాడు ఉదయ్‌కుమార్.

“ఏ వేలితో?” అన్నాను. బొటనవేలు మూత అంచున ఉంది, కదిపితే తడికి ఫోను జారుతుంది; మిగతా నాలుగూ ఫోనుని పట్టుకున్నాయి.

నేను స్టూలు లాక్కుని సెట్టింగులన్నీ వెతికాను. మూత తీస్తే కాల్ ఎత్తే ఏర్పాటు నాలుగో పేజీలో ఉంది, ఆపేసి ఉంది. దాన్ని ఆన్ చేసి మళ్లీ రింగిచ్చాను.

“ఆఁ, సెప్పు!” అని వరహాలమ్మ అరిచిన అరుపుకి పక్క షాపువాళ్లు తొంగిచూశారు.

మర్నాడు ఆమె నిండు గంపతో వచ్చింది. వంజరం కోస్తుండగా రొంటిన ఫోను మోగింది. తడిచేత్తోనే మూత తీసింది.

“పనిసేత్తంది. ఫోనెట్టీ!” అని ఠపీమని మూసేసింది. “తాతబాబమ్మా. పొద్దున్న ఎత్తినా నమ్మకం లేదు, మళ్లీ ఎత్తుతానో లేదో అని సూత్తన్నాడు.”

ఆమె లేవబోతుంటే ఆగమన్నాను. మూత మడత దగ్గర పొలుసొకటి ఇరుక్కుంది. పిన్నీసుతో తీసి, తుడిచి ఇచ్చాను.