తెరుచుకోని ఆల్చిప్ప

రేవు పక్క సందులో అత్తాకోడళ్ళు నడిపే చిన్న హోటల్లో పొద్దున్నే పని ఆల్చిప్పలతో మొదలయ్యేది. ఉప్పునీళ్ళలో నానబెట్టి ఇసుక కక్కించాలి, పీచుతో రుద్ది కడగాలి, మూతపెట్టి ఉడికించాలి. ఆవిరి తగలగానే అవి నోళ్ళు తెరిచి, సముద్రంలో మునిగిపోయినవాళ్ళ మాటలు పలికేవి. "బుడ్డోడికి చెప్పులు కొనాలి" అని ఒకటి, "నా చొక్కా ఎక్కడ పెట్టావే" అని ఇంకొకటి. గొంతు ఎవరిదో పోల్చుకుంటే ఆ ఇంటికి కబురు చేసేవారు. లేకపోతే ఉల్లిపాయలు తరుక్కుంటూ వినేవారు.

తెరుచుకోనివాటిని మాత్రం పారెయ్యాలి, తింటే కడుపు పాడవుతుంది. ఆ పని అత్తది. కోడలి చెయ్యి పడనిచ్చేది కాదు. గబగబా ఏరి, బకెట్లో వేసుకెళ్ళి, రేవులోకి గిరాటేసి వచ్చేది.

కోడలి మొగుడు వేటకెళ్ళి ఏళ్ళయింది. పడవా రాలేదు, మనిషీ రాలేదు. వస్తే తలుపు తట్టక్కర్లేకుండా ఆమె గొళ్ళెం పెట్టడం మానేసింది. రోజూ హోటలుకొచ్చే ఐసు బండి అతను పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. తొందరేం లేదని కూడా అన్నాడు, మంచివాడు. మొగుడు ఉన్నాడో లేడో తెలియకుండా ఏమని చెబుతుంది? ఒక్కోసారి గిన్నె దగ్గర చెవి పెట్టి నిలబడేది, ఆ గొంతు వినపడాలనీ, వినపడకూడదనీ.

ఆ రోజు అత్తకి జ్వరం, పొయ్యి వెనకే వాళ్ళు పడుకునే గదిలో మంచమెక్కింది. వడ్డనలయ్యాక గిన్నె అడుగున ఒకటి బిగుసుకుని మిగిలింది. కోడలు బకెట్లో వెయ్యబోయి ఆగి, దాన్ని గుప్పిట్లో పట్టుకుంది. చేతి వెచ్చదనానికో ఏమో, మెల్లగా తెరుచుకుంది.

"గొళ్ళెం పెట్టుకోవే. నేను రావడం ఆలస్యమవుతుంది."

రోజూ వేటకెళ్ళేముందు అతననే మాటే. అప్పట్లో పరధ్యానంగా ఊఁ కొట్టేది. ఇప్పుడు గోడకి జారగిలబడి, చేత్తో నోరు మూసుకుని ఏడ్చింది.

"వాడేనా?" అంది అత్త మంచం మీంచి.

"ఆయనే అత్తయ్యా."

"మూసుకున్నదాంట్లోనే ఉంటాడని నాకెప్పుడో అనిపించింది. చిన్నప్పట్నించీ మొండి వెధవ, ఓ పట్టాన నోరు విప్పేవాడు కాదు. మనం వినకపోతే బతికే ఉన్నట్టని పారేస్తూ వచ్చానే. నీ గురించి ఆలోచించలేదు."

కోడలు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. తర్వాత అత్త జ్వరంతోనే లేచి, తుప్పు పట్టిన గొళ్ళేనికి నూనె రాసింది. కోడలు దాన్ని బలంగా తోసి బిగించింది.

మర్నాడు ఐసు బండి అతను ఎప్పట్లాగే తలుపు తోశాడు. తెరుచుకోలేదు. కాసేపు ఆగి తట్టాడు.

"నీకోసమే. వెళ్ళి తియ్యి" అంది అత్త, పొయ్యి దగ్గర్నించి కదలకుండా.

కోడలు చేతులు తుడుచుకుని వెళ్ళి గొళ్ళెం తీసింది.