పెట్టె అడుగున ఇనుప పలక

మొదట్లో మా చేతిలో ఉన్నవి ఇవి: పదడుగుల గది ఒకటి, మూతపడిన సినిమా హాలు నుంచి తూకానికి కొన్న పాత స్పీకర్లు పద్నాలుగు, మా బావ చెవులు, నా నోరు.

బావ అంటే మా అక్క భర్త. రేడియోలు బాగుచేసే దుకాణంలో ఇరవయ్యేళ్లు పనిచేసిన మనిషి. స్పీకరు మోగుతుంటే రబ్బరు గొట్టం ఒక కొసను పెట్టెకు ఆనించి, రెండో కొసను చెవిలో పెట్టుకుని, వైద్యుడు గుండె చూసినట్టు నాలుగు పక్కలా వినేవాడు. కాసేపటికి ఒకచోట వేలు పెట్టేవాడు. అక్కడ విప్పితే వదులైన మరమేకో, కాగితానికి తగులుతున్న తీగో, చిరిగిన అంచో దొరికేది. ఆ వేలు తప్పడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆ విద్య రాదు. నాకు వచ్చింది కొనేవాణ్ణి చూడటం. దుకాణంలోకి వచ్చినవాడు ముందు ఏం ముట్టుకుంటాడు, ఏ మాటకు మెత్తబడతాడు, దేనికి వెనక్కి తగ్గుతాడు, ఇదీ నా లెక్క.

ఆ లెక్కలో తేలినదేమిటంటే, కొనేవాడు స్పీకర్ని వినడు, ఎత్తుతాడు. పాట సగంలో ఉండగానే వంగి రెండు చేతులతో పెట్టెను లేపి చూస్తాడు. బరువుగా ఉంటే మొహం విప్పారుతుంది. తేలిగ్గా ఉంటే ఎంత బాగా మోగినా ఆలోచించుకుని వస్తామంటాడు. అలా వెళ్లినవాడు తిరిగి రాడు. బావ చేయించే పెట్టెలు తేలిక. మంచి చెక్క, లోపల కావలసినన్నే అడ్డకర్రలు. బరువు సంగతి ఎత్తితే ఆయన నవ్వేశాడు.

"మనం అమ్మేది గుమ్మడికాయలా ఏంట్రా?"

నేను ఊరుకోలేదు. పెట్టెలు వడ్రంగి దగ్గర్నుంచి ముందు నా చేతికే వచ్చేవి. అతనితో మాట్లాడుకుని అడుగున రెండో చెక్క వేయించాను. ఆ రెండు చెక్కల మధ్య రెండు కిలోల ఇనుప పలకను జిగురుతో అంటించాం. అడుగు గట్టిగా ఉండాలని జోడు చెక్క వేయిస్తున్నానని బావతో చెప్పాను. మంచి పని చేశావన్నాడు. అమ్మకాలు పెరిగాయి. తన పనితనం జనానికి అర్థమవుతోందని ఆయన సంబరపడ్డాడు. సగం నిజమే కాబట్టి నేనూ కాదనలేదు.

మూడో ఏడు ఒక పళ్ల డాక్టరు జత కొన్నాడు. ఆయన మాట మీద ఇంకా ఆరుగురు డాక్టర్లు వచ్చేలా ఉన్నారు. బావ ఆ జతను ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాడు. నెల తిరక్కుండానే డాక్టరు ఫోను చేశాడు.

"మీ పెట్టెకి పన్ను కదులుతోందండీ," అన్నాడు.

ఎడమ పెట్టెలో, లోతైన స్వరం వచ్చినప్పుడల్లా గరగరమంటోందట.

మర్నాడు పొద్దున్నే, డాక్టరు ఆసుపత్రికి బయల్దేరక ముందే బావ వాళ్లింటికి వెళ్లాడు. పెట్టె శుభ్రంగా మోగింది. గొట్టం పెట్టి అన్ని పక్కలా విన్నాడు, ఏమీ లేదు. అయినా దుకాణానికి తెచ్చి మరలన్నీ బిగించాడు, తీగల్ని గుడ్డపట్టీతో కట్టేశాడు, ముందున్న జాలీ తీసేసి చూశాడు. అడుగు నుంచి మొదలై మెల్లగా పైకెక్కే ఒకే స్వరాన్ని గంటసేపు మోగించి విన్నాడు. ఎక్కడా గరగర లేదు. తిరిగి ఇచ్చేశాం. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ ఫోను.

ఈసారి నేను వెళ్లాను. గరగర ఉంది. అగ్గిపెట్టెలో పురుగు తిరిగినట్టు స్పష్టంగా వినిపించింది. వచ్చి బావతో చెప్పాను. ఆయన మళ్లీ పొద్దున్నే వెళ్లాడు, మళ్లీ ఏమీ వినిపించలేదు. అలా మూడు వారాలు గడిచాయి. లోపల మోగే కాగితపు కోన్ మార్చాడు, దాని చుట్టూ రబ్బరు మార్చాడు, వెనక తీగలు తగిలించే పలక మర మూడుసార్లు బిగించాడు. ఇద్దరికి వినిపిస్తున్నది తనకెందుకు వినిపించడం లేదన్న ప్రశ్న ఆయన మొహంలో కనిపించడం అప్పుడే మొదలైంది. భోంచేస్తూ మధ్యలో ఆగి, గ్లాసు మీద చెంచాతో కొట్టి వింటున్నాడని అక్క చెప్పింది.

నాలుగో ఆదివారం ఇద్దరం కలిసి వెళ్లాం. ఆ రోజు పొద్దుట్నుంచీ వాన. డాక్టరు తనకు అలవాటైన పాట పెట్టాడు. బావ గొట్టం కూడా వాడలేదు, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పాట సగంలో డాక్టరు చెయ్యెత్తాడు.

"అదుగో. విన్నారా?"

నాకేమీ వినిపించలేదు. అసలు అక్కడేమీ లేదు. కానీ నా వ్యాపారంలో ఒక నియమం ఉంది. కొన్నవాడి మాటను అతని ఇంట్లో, అతని మొహం మీద కాదనకూడదు. ఆరు జతలు ఆయన నాలుక మీద ఉన్నాయి.

"అవునండీ, వచ్చింది," అన్నాను.

బావ కళ్లు తెరిచి నావైపు చూశాడు. డాక్టరు వైపు చూడలేదు. చాలాసేపు నన్నే చూసి, గొట్టం చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. దారిలో గొడుగు కింద ఒక్క మాటే అన్నాడు.

"నా చెవికి ఆ స్వరం పోయిందిరా."

కాదని చెప్పడానికి ఇంటిదాకా దారి ఉంది. చెప్పలేదు. డాక్టర్ల పని అయ్యాక తీరిగ్గా చెప్పొచ్చనుకున్నాను.

తరువాతి ఆదివారం మంచి ఎండ. ఒక్కణ్ణే వెళ్లాను. గరగర వస్తోంది. ఎడమ పెట్టె కిటికీ పక్కన ఉంది. మధ్యాహ్నం ఎండంతా దాని కాళ్ల దగ్గర పడుతోంది. ఊరికే అడుగున చెయ్యి వేస్తే చురుక్కుమంది. కింద నుంచి అరచేత్తో నొక్కాను. గరగర ఆగిపోయింది. వదిలాను, మళ్లీ వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు. ఎండకు జిగురు మెత్తబడి నా ఇనుప పలక ఊగుతోంది. చల్లబడితే మళ్లీ అతుక్కుంటోంది. పొద్దున వచ్చిన బావకు వినిపించకపోవడంలో వింతేమీ లేదు. ఆయన చెవి విన్నది విన్నట్టే చెప్పింది.

పెట్టెను నా ఇంటికి తీసుకెళ్లి, అడుగు విప్పి పలక తీసేసి, మూసేశాను. గరగర పోయింది. డాక్టరు పొంగిపోయాడు. ఇక బావకు ఏం చెప్పాలి? పలక గురించి చెబితే, ఆయన చేయించిన పెట్టెల్లో ఇన్నాళ్లుగా దొంగ బరువు పెట్టి అమ్ముతున్నానని చెప్పాలి. ఆయన ఒక్కరోజు కూడా నాతో నిలవడు. అందుకని వెనక తీగలు తగిలించే పలక మర ఒకటి వదులుగా ఉంటే బిగించానని చెప్పాను. ఎవరినీ నొప్పించని చిన్న అబద్ధమనుకున్నాను.

"ఏ మర?" అన్నాడు.

"ఎడమవైపు కింది మర."

"అది నేను మూడుసార్లు బిగించాను."

తన వేళ్ల వైపు చూసుకున్నాడు. చెవులు పోయాయని ముందే నమ్మాడు, చేతులు కూడా పోయాయని నేను నమ్మించాను. ఆ నెలలోనే చెవుల డాక్టరుకు చూపించుకున్నాడు. వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నాయని ఆయన చెబితే, వయసుకు తగ్గట్టు అన్న ముక్క ఒక్కటే పట్టుకుని ఇంటికొచ్చాడు. ఇంట్లో పాటలు పెట్టడం మానేశాడు. నెలాఖరుకు గొట్టం నా బల్ల మీద పెట్టి, పుస్తకాలకు అట్టలు వేసే చోట పనికి కుదిరాడు. ఆ పనికి చెవులు అక్కర్లేదు కదా అన్నాడు. ఆరుగురు డాక్టర్లూ వచ్చి జతలు కొనుక్కుపోయారు.

తరువాత మెకానిక్కులు నలుగురు మారారు. అందరూ బాగానే చేస్తారు. చెడిన చోటు దొరక్కపోతే మొత్తం మార్చేస్తారు. పెట్టె మీద వేలు పెట్టి చూపించేవాడు మళ్లీ నాకు దొరకలేదు. కొత్త పెట్టెల్లో పలకలు వేయించడం మాత్రం ఆ ఏడే ఆపేశాను.

తొమ్మిదేళ్లు గడిచాక, ఒక పొద్దున డాక్టరు పెట్టెలోంచి తీసిన ఆ పాత పలకను గుడ్డసంచిలో వేసుకుని బావ పనిచేసే చోటికి వెళ్లాను. జిగురు వాసన, కాగితం దొంతరలు, పక్క బల్లల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు. పలక ఆయన ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగాడు. ఇప్పుడాయనకు నిజంగానే వినికిడి తగ్గింది. ఒకసారి ఒప్పుకోవడానికే నాకు తొమ్మిదేళ్లు పట్టింది. రెండోసారి గొంతు పెంచి, పక్కవాళ్లు తలెత్తి చూసేలా ఒప్పుకోవలసి వచ్చింది.

ఆయన పలకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఒక పక్క ఎండిన జిగురు ఇంకా ఉంది.

"దీన్ని జిగురుతో అంటించావా?"

"అవును బావా."

"నాకు చెప్పుంటే నాలుగు మరలేసి బిగించేవాణ్ణి కదరా."

ఆ జిగురును గోటితో గీకుతూ అడిగాడు.

"ఆ వానరోజు... నీకు నిజంగా వినపడిందా?"

"లేదు."

"నేనూ మొదట అదే అనుకున్నా. తర్వాత, నా బామ్మర్ది నాతో అబద్ధమెందుకు ఆడతాడులే అనుకున్నా."

దుకాణానికి రమ్మన్నాను. ఊరికే వచ్చి కూర్చున్నా చాలన్నాను. ఆయన తన చెవి చూపించి నవ్వాడు. కోపంగా నవ్వినా నాకు కాస్త తేలికయ్యేది. మామూలుగానే నవ్వాడు. తరువాత అప్పుడే అట్టలంటించిన పుస్తకాల దొంతర మీద ఆ పలకను పెట్టి, అంచులు సరిచేసి, మళ్లీ పనిలో పడ్డాడు.

ఇదీ చివరి లెక్క. పదడుగుల గది మూడు గదులైంది. దుకాణానికి పేరొచ్చింది. ఏడుగురు డాక్టర్ల ఇళ్లలో మా స్పీకర్లు మోగుతున్నాయి. రబ్బరు గొట్టం నా సొరుగులో ఉంది, వాడటం ఎవరికీ రాదు. ఇనుప పలక ఒకటి బావ బల్ల మీద పుస్తకాలు అణచడానికి పనికొస్తోంది. నేను దాచకుండా ఆయన చేతికిచ్చిన బరువు అదొక్కటే.